చిన్న పరుపులు

కొత్త బోర్డేమీ పెట్టలే.
చాక్‌పీసుతో తలుపు మీదే రాసినా:
"పిల్లోళ్లను చూసుకుంటాం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుకు."
దస్తగిరి చదివి
"మన ఇల్లే మనల్ని చూసుకోలేకుండా ఉంటే
నువ్వు ఇంకెవుర్ని చూసుకుంటావు మాబున్నీ" అన్న్యాడు.
అంటానే, కత్తిపీట తీసి అటక మీద పెట్టినాడు.

కిరసనాయిలు సీసా, సూదుల డబ్బా, ఇస్త్రీ పెట్టె,
చివరికి దూది ఏకే విల్లు. అది మా మామది.
తీగ తెగి పన్నెండేండ్లాయ.
మిషన్లొచ్చినాక కార్వన్‌పేటలో
దాని గొంతు వినాలని అడిగినోడు లేడు.
దూది మాత్రం ఒక మూట మిగిలి ఉండె.
మిద్దె మీద ఎండకు పోసి, చేత్తో విడదీసి,
పాత చీరలు కత్తిరించి
రెండు మూర్ల పరుపులు కుట్టినా. ఆరు.

మొదటి దినం ఎవురూ రాలే.
రెండో దినం పక్కింటి మేక వచ్చి
పరుపులన్నీ వాసన చూసి పాయ.
మూడో దినం, జిన్నింగు మిల్లు ఉరుకుందమ్మ,
పది నెలల పిల్లోన్ని చంకనేసుకోని
వాకిట్లోనే నిలబడి "ఎంత?" అన్నది.
రాత్రంతా లెక్కేసుకున్న అంకె
నోట్లో తడి బొరుగు మాదిరి మెత్తబడిపాయ.
"నీకు తోచినంత" అన్నా.
లోపల్నుంచి దస్తగిరి గట్టిగా దగ్గినాడు.

బ్యాంకు వనజాక్షి మేడం వచ్చిన పొద్దు
కెమెరా ఉందా అని అడిగింది.
"రెండు కండ్లుండాయి మేడం."
ఆమె నవ్వలే.
గొళ్లెం ఎంత ఎత్తులో ఉందో చూసింది,
నీళ్ల డ్రమ్ము మూత నొక్కి చూసింది,
నా గోర్లు చూసింది.
అప్పుడే నాకామె నచ్చింది.
రూల్సు గూడా ఆమే రాసిచ్చింది, అందమైన చేతిరాతతో:
జరమొస్తే తేగూడదు.
ఆరు దాటితే పావుగంటకు పది రూపాయలు.

మధ్యాన్నం రెండింటికి
రణమండల కొండ కాలి కాలి తెల్లగైనప్పుడు
ఫ్యాను కింద ఆరు ఊపిర్లు.
ఒకరి మీద ఒకరి కాలు, ఎవురి పాలసీసా ఎవురి చేతిలోనో.
ముక్కుకు గుడ్డ కట్టుకోని
తల్లి ఏ దూదిలో మునిగి తేల్తా ఉంటాదో
ఆ దూది మీదే బోర్లా పడుకోని
చొంగ కారుస్తా ఉంటాడు ఉరుకుందమ్మ కొడుకు.
నాకూ రెప్పలు వాల్తాయి.
పండుకోకపోవడమే కదా, నా ఉద్యోగం.

ఆమెకు ఆరింటికి కుదర్దు.
తూకం కాడ వరస, కూలి కాడ వరస,
ఆటో నిండితే గానీ కదలదు.
ఉరుక్కుంటా వస్తాది, తల నిండా దూది పింజెలు,
కొంగు ముడి విప్పుకుంటా, పది రూపాయలకు.
ఒక పొద్దు నేను స్టూలెక్కి
గోడ గడియారం ముల్లు
అర్ధగంట వెనక్కి తిప్పినా.
వనజాక్షి మేడం గడియారం చూసింది, ఫోను చూసింది,
మల్లా గడియారం చూసింది.
ఏమీ అనలే.
మర్సటి దినం నుంచి ఆమె గూడా
ఆ గడియారం ప్రకారమే వస్తా ఉంది.

ఒక సాయంత్రం మాత్రం
పిల్లోడు నా కొంగు వదల్లే.
ఉరుకుందమ్మ చేతులు చాపింది, చాపినట్లే ఉండిపాయ.
పొయ్యి మీద ఏదో మాడుతున్నెట్లు
నేను వాడి పిడికిలి విప్పి లోపలికి పోయినా.
పొయ్యే ముట్టించలే ఆ పొద్దు.
తలుపు వెనకాల నిలబడి లెక్కబెట్టుకున్నా.
నలభై మూడు కాడ ఏడుపు ఆగె.
ఆమె గొంతు వినపడె, ఏదో చెప్తా ఉంది వానికి,
మిల్లు గురించే.

నెలాఖరు. పాలు, బిస్కట్లు, పగిలిన బకెట్టు పోను
నూట ఎనభై మిగిలె.
"మిగిలింది గదా" అన్న్యాడు దస్తగిరి,
మిగలడం అనే మాట అప్పుడే నేర్చుకున్నోని మాదిరి.
ఆ రాత్రి వానొచ్చి తలుపు మీద రాతంతా కారిపాయ.
పొద్దున్నే తానే చాక్‌పీసు పట్టుకోని రాసినాడు.
పోయి చూస్తే, వంకర టింకరగా,
సాయంత్రం "సుమారు" ఆరుకు.